సంక్రాంతికి ఊరు వెళుతున్నాం: రెండేళ్ళు దాటిన పాపకు మాటలు పెరగడానికి ఈ సెలవుల్లో ఏం చేయవచ్చు?

ప్రశ్న: హైదరాబాదు నుంచి ఒక తల్లి

నమస్కారమండీ. మా పాపకు రెండేళ్ళ మూడు నెలలు నిండాయి. అమ్మ, నాన్న, బువ్వ, దా, బౌబౌ, బాల్, నో, బాయ్ వంటివన్నీ కలిపి లెక్క వేసినా ఇరవై మాటలకు మించవు. రెండు మాటలు కలిపి ఇంతవరకు అనలేదు. అయితే మనం చెప్పేది బాగానే అర్థం చేసుకుంటుంది. చెప్పులు తెమ్మంటే తెస్తుంది, కావలసినది అందకపోతే వేలితో చూపిస్తుంది, బొమ్మకు అన్నం తినిపించి, పడుకోబెట్టి జోకొడుతుంది. మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళతాం కనుక పగలంతా డేకేరులో ఉంటుంది. అక్కడ ఎక్కువగా హిందీ, కొంత ఇంగ్లీషు మాట్లాడతారు, ఇంట్లో మేము తెలుగే మాట్లాడతాం.

ఈసారి సంక్రాంతికి అమలాపురం దగ్గర ఉన్న మా అత్తగారి ఊరు వెళుతున్నాం. రాజమహేంద్రవరం వరకు పగటి రైలు, అక్కడి నుంచి రావులపాలెం మీదుగా బస్సు. ఆ ఇంట్లో అత్తయ్య, మామయ్య, మా తోటికోడలి కుటుంబం, పండక్కి వచ్చే ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు అందరూ కలిపి ఇల్లు నిండిపోతుంది. ఏడాది పొడుగునా పాపతో తీరికగా మాట్లాడే సమయం దొరకడం లేదన్న బాధ మాకు ఉంది కనుక, దొరికిన ఈ సెలవులను ఆమె మాటలకోసం నిజంగా ఉపయోగించుకోవాలని అనుకుంటున్నాం. ప్రయాణంలో ఫోను చేతికివ్వకుండా ఎలా మాట్లాడించాలి? అంతమంది మధ్య పాప బిగుసుకుపోకుండా ఏం చేయాలి? మూడు భాషలు చెవిన పడటమే ఆలస్యానికి కారణమని కొందరు అంటున్నారు, అది నిజమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


సమాధానం: స్పీచ్ థెరపిస్టు, విజయవాడ

అమ్మా, మీరు పాపను జాగ్రత్తగా గమనించి రాశారు, అందువల్ల సమాధానం చెప్పడం సులువయింది. చెప్పినది అర్థం చేసుకోవడం, వేలితో చూపించడం, బొమ్మను బిడ్డగా భావించి ఆడుకోవడం మంచి సూచనలు. మాటలకు ముందు ఏర్పడవలసిన పునాది ఆమెలో ఉందని ఇవి చెబుతున్నాయి. మరోవైపు, రెండేళ్ళు నిండేసరికి చాలామంది పిల్లలకు కనీసం 50 మాటలు వస్తాయి, "అమ్మ దా", "పాలు వద్దు" వంటి జంటమాటలు మొదలవుతాయి. ఆ లెక్కన మీ పాప వెనుకబడి ఉంది. అందుచేత పండుగ అయ్యాక చూద్దామని ఊరుకోకుండా, ప్రయాణానికి ముందే వినికిడి పరీక్షకు అపాయింట్‌మెంటు తీసుకోండి. పిలిస్తే పలుకుతోంది కదా, చెవులు బాగానే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. జలుబు చేసిన తరువాత మధ్యచెవిలో నీరు నిలిచిపోయిన పిల్లలు కూడా పిలిస్తే పలుకుతారు, తలుపు చప్పుడుకు తిరిగి చూస్తారు, కానీ మాటల్లోని మెత్తని ధ్వనులు వారికి స్పష్టంగా వినిపించవు. మీరు హైదరాబాదులోనే ఉన్నారు కనుక సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వినికిడినీ, మాటలనూ రెండింటినీ పరీక్షించే ఏర్పాటు ఉంది.

భాషల సంగతి ముందుగా తేల్చేద్దాం. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. అటువంటి పిల్లల మాటలను లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలి, మీరు అలాగే చేశారు. బౌబౌ, బువ్వ వంటి పసిమాటలను కూడా మాటలుగానే లెక్కించాలి. ఇంట్లో తెలుగు మానవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. తల్లిదండ్రులు తమకు సహజంగా వచ్చే భాషలో మాట్లాడినప్పుడే వాక్యాలు నిండుగా ఉంటాయి, ముద్దూ కోపమూ కథా అన్నీ ఆ మాటల్లో పలుకుతాయి.

ఇక రైలు ప్రయాణం. పిల్లలచేత మాట్లాడించాలన్న ఆత్రంలో పెద్దలు సాధారణంగా ప్రశ్నలు గుప్పిస్తారు: అదేమిటి, ఇదేమిటి, ఆవు ఏమంటుంది, ఇది ఏ రంగు? మాటలు తక్కువగా ఉన్న పిల్లకు ఇదంతా పరీక్షలాగా తోస్తుంది, నోరు ఇంకా మూసుకుంటుంది. ప్రశ్నలు తగ్గించి, ఆమె దేనివైపు చూస్తోందో దాని గురించే చిన్న వాక్యంలో చెప్పండి. ఆమె కిటికీలోంచి గేదెలను చూస్తుంటే "గేదెలు. గేదెలు నీళ్ళలో ఉన్నాయి" అని ఊరుకోండి. తరువాత మనసులో పది లెక్కపెట్టేంతసేపు మౌనంగా ఆమె ముఖంలోకి చూస్తూ ఆగండి. ఈ ఆగడమే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ముఖ్యం కూడా. చిన్నపిల్లలకు విన్న మాటను పట్టుకుని, తమ మాటను వెతుక్కుని, నోటితో పలకడానికి మనకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వకుండా రెండో మాట అందుకుంటే, ఆమె చెప్పబోయినది చెప్పకుండానే మిగిలిపోతుంది. ఆమె పలికినా సరే, చూపుతోనో చేతితోనో బదులిచ్చినా సరే, దానిని జవాబుగానే స్వీకరించి, ఒక్క మాట చేర్చి తిరిగి చెప్పండి. గోదావరి వంతెన మీద ఆమె "నీ" అంటే "నీళ్ళు. చాలా నీళ్ళు" అనండి. అంతకుమించి పెద్ద వాక్యం ఆ క్షణంలో అవసరం లేదు. "నీ కాదు, నీళ్ళు అను" అని దిద్దడం అసలే వద్దు.

రైలులో పిల్లలకు ఎంతో ఉపయోగపడేది మరొకటి ఉంది. అది చాయ్, సమోసా అమ్మేవారి కేక. ఆ మాట చిన్నది, ఒకే రాగంలో పదేపదే వినిపిస్తుంది, దానికి సంబంధించిన వస్తువు కళ్ళ ఎదుటే ఉంటుంది. కొత్త మాట నేర్చుకోవడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఆయన వెళ్ళిపోయాక మీరు ఒక ఖాళీ గ్లాసు పట్టుకుని "చాయ్... చాయ్..." అని అదే రాగంలో అంటూ, మూడోసారి గ్లాసు చూపించి ఆగిపోండి. ఆ ఖాళీని పూరించాలని పిల్లలకు గట్టిగా అనిపిస్తుంది. బండి సొరంగంలోకో వంతెన మీదికో వెళ్ళేటప్పుడు వచ్చే చప్పుడు మార్పు, స్టేషను రాగానే "ఆగిం...ది" అనడం, దిగేటప్పుడు "ఒకటి, రెండు..." అని ఆగడం వంటివన్నీ ఇదే పద్ధతిలోకి వస్తాయి.

ఊళ్ళో మీకు ఎదురయ్యే అసలు ఇబ్బంది చుట్టాల ప్రేమ. వచ్చినవారు వచ్చినట్టుగా బుగ్గ పట్టుకుని "ఏదీ, అత్తా అను", "నా పేరేమిటి చెప్పు" అంటారు. పిల్ల పలకకపోతే ఆమె ముందే "ఇంకా మాటలు రాలేదా?" అంటారు. ఆ వయసు పిల్లకు ఆ మాటలు అర్థమవుతాయి. మీ అత్తగారితో ముందుగా ఫోనులో మాట్లాడి, పాప చేత ఎవరూ మాట చెప్పించవద్దని, పాపతో కలిసి ఏదైనా పని చేయమని కోరండి. ఇలా మాట్లాడండి, అలా మాట్లాడవద్దు అని సలహాలిస్తే పెద్దలు నొచ్చుకుంటారు. పని అప్పగిస్తే సంతోషిస్తారు. మామయ్యగారు ప్రతి ఉదయం ఒకే వేళకు పాపను తీసుకుని వెళ్ళి ఆవుకు గడ్డి వేయడం, కొబ్బరిమొక్కలకు నీళ్ళు పోయడం వంటిది ఏదో ఒకటి పెట్టుకుంటే చాలు. రోజూ అదే దారి, అవే వస్తువులు, అవే మాటలు: "గడ్డి. ఆవుకు గడ్డి. తిను." కొత్త కొత్త విశేషాలు చూపించాలని మనకు ఉంటుంది గానీ, పిల్లలకు మాట నిలిచేది ఇలా మళ్ళీ మళ్ళీ జరిగే పనుల్లోనే.

పండుగ ఇంట్లో తెలుగు వ్యాకరణం దానంతట అది వినిపిస్తూ ఉంటుంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం కనుక కాస్త విస్తరిస్తాను. తాతయ్య వచ్చాడు, నానమ్మ వచ్చింది, అందరూ వచ్చారు అన్నప్పుడు వచ్చింది ఎవరనేదాన్ని బట్టి క్రియ చివర మారుతోంది. ఈ మార్పును పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పలేరు, వందలసార్లు విని వాళ్ళే పట్టుకోవాలి. హైదరాబాదులో మీ ఫ్లాటుకు రోజుకు ఎందరు వస్తారు? ఆ ఇంటికి పొద్దుటినుంచి రాత్రివరకు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వెళుతూనే ఉంటారు. వీధిగుమ్మం దగ్గర పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, వచ్చినవారిని చూసి "బాబాయి వచ్చాడు", వెళ్ళినవారిని చూసి "అత్త వెళ్ళింది" అని చెబుతూ ఉంటే అంతకుమించిన పాఠం లేదు. హరిదాసు వచ్చినా, గంగిరెద్దు వచ్చినా అంతే. గంగిరెద్దు తల ఊపితే "ఊపింది", డోలు మోగితే "మోగింది". పేర్లతో పాటు పనులను చెప్పే మాటలు కూడా అందితేనే జంటమాటలు ఏర్పడతాయి. బంతి, కారు, కుక్క అని పేర్లు మాత్రమే నేర్పితే వాటిని కలపడానికి మరో మాట దొరకదు.

భోగినాడు పాపకు భోగిపళ్ళు పోస్తారు కదా, దానికి ముందునుంచే సిద్ధం చేయండి. లేకపోతే తలమీద ఒక్కసారిగా రేగుపళ్ళు, చెరుకుముక్కలు, చిల్లర పడేసరికి, చుట్టూ అంతమందిని చూసేసరికి బెదిరిపోవచ్చు. ముందురోజు ఆమె చేతికే నాలుగు రేగుపళ్ళు ఇచ్చి బొమ్మకు భోగిపళ్ళు పోయించండి. "పోద్దాం... పోశాం... పడ్డాయి!" ఆ మాటలే మరునాడు తన మీద జరుగుతున్నప్పుడు మళ్ళీ వినిపిస్తాయి. ఆ ఫోటోలు దాచి, హైదరాబాదు వచ్చాక చూపిస్తూ అదే వరుసలో చెప్పండి. జరిగిపోయిన దాని గురించి మాట్లాడటం పిల్లల భాషలో పెద్ద మెట్టు, దానికి తను పాల్గొన్న పండుగకంటే మంచి వస్తువు ఉండదు.

ఫోను విషయంలో మీ నిర్ణయం సరైనది. రెండేళ్ళ లోపు పిల్లలకు బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప తెర అసలు వద్దని, రెండునుంచి ఐదేళ్ళవారికి రోజుకు గంటకు మించరాదని భారతీయ పిల్లల వైద్యుల సంఘం, ఐఏపీ, సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రెండునుంచి నాలుగేళ్ళ వారికి గంట హద్దే పెట్టి, అంతకంటే తక్కువైతే మరీ మంచిదని చెప్పాయి. పాటల వీడియోలు చూస్తే మాటలొస్తాయన్న నమ్మకం మనలో బలంగా ఉంది. 2003లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు మాండరిన్ చైనీసు భాషను వినిపించి చూసింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడించిన పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలను పట్టుకున్నారు. అదే మాటలను టీవీలో చూసిన పిల్లలు పట్టుకోలేదు. మీ ఊరి ఇంట్లో మనుషులకు కొదవ లేదు కదా.


సమాధానం: అంగన్‌వాడీలో పనిచేసి విరమించిన టీచరు, తూర్పుగోదావరి

పైవారు చెప్పినదానికి మా ఇళ్ళల్లో చూసిన రెండు విషయాలు చేరుస్తానమ్మా. మొదటిది, మేము నానమ్మలం, అమ్మమ్మలం పిల్లలు అడగకుండానే అన్నీ అందిస్తాం. పిల్ల జాడీవైపు చూస్తే చాలు, సున్నుండ చేతిలో పెడతాం. ఇక ఆ పిల్ల నోరు తెరవవలసిన పని ఏముంటుంది? మీ అత్తగారికి ప్రేమగా చెప్పండి: సున్నుండలో చిన్న ముక్క తుంచి ఇచ్చి, మిగతాది చేతిలో పట్టుకుని నవ్వుతూ చూడమనండి. పాప "ఇంకా" అన్నా, "దా" అన్నా, చేయి చాచి "ఊఁ" అన్నా వెంటనే ఇచ్చేయాలి. మాట అనేదాకా ఇవ్వనని ఏడిపించకూడదు. అలా చేస్తే తిండి మీద, మాట మీద, మనిషి మీద మూడింటిమీదా విరక్తి కలుగుతుంది.

రెండవది, పెద్ద పిల్లలు. ఆరేడేళ్ళ అక్కలూ అన్నలూ చిన్నపిల్లకు బదులుగా తామే మాట్లాడేస్తారు: "దానికి నీళ్ళు కావాలట", "అది రానంటోంది". పదిమంది పిల్లల గుంపులో మీ పాప వెనక తిరుగుతుందే గాని మాట్లాడదు. అందుచేత ఒక్క అక్కను ఎంచి, పాపకు ముగ్గు నేర్పే పని అప్పగించండి. ముగ్గు పిండి వేళ్ళమధ్య జారుతూ ఉంటుంది, చుక్క చుక్కకూ "చుక్క... ఇంకో చుక్క..." అంటూ పెడతారు, మధ్యలో గొబ్బెమ్మ, దానిమీద గుమ్మడిపువ్వు. పెద్దపిల్లలు చిన్నవారితో మాట్లాడేటప్పుడు గొంతు సాగదీసి, ఒకటే మాట నాలుగుసార్లు అంటారు, చిన్నపిల్లలకు సరిగ్గా కావలసినది అదే. అంగన్‌వాడీలో నేను మూడేళ్ళవారిని రెండేళ్ళవారి పక్కన కూర్చోబెట్టేదాన్ని.

అన్నం పెట్టేటప్పుడు పాడే పాటలు మీ అత్తగారికి ఎన్నో వచ్చి ఉంటాయి. రోజూ ఒకటే పాట పాడి, చరణం చివరి మాట దగ్గర ఆపేయమనండి. అలవాటైన పాటలో చివరి మాట అందుకోవడం చాలామంది పిల్లలకు ఆపుకోలేని సరదా. ఇంకొక మాట: కనుమనాడు ప్రభల తీర్థానికి తీసుకువెళ్ళాలనుకుంటే కాసేపు చూపించి ఇంటికి తెచ్చేయండి. ఆ డప్పుల హోరులో మీ మాట పాపకు వినిపించదు, పాప మాట మీకు వినిపించదు.


సమాధానం: టెక్సస్‌లో ఉంటున్న తండ్రి

మా అబ్బాయి విషయం మీకు కొంతవరకు ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను. అతడు అమెరికాలోనే పుట్టాడు, డేకేరులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మూడేళ్ళ వయసులో వేసవి సెలవులకు తెనాలి తీసుకువెళ్ళినప్పుడు మొదటి కొన్నాళ్ళు ఎవరితోనూ పెదవి విప్పలేదు. మా అమ్మ కంగారు పడింది. మా పిల్లల డాక్టరు అంతకుముందే చెప్పి ఉన్నారు: కొత్త చోట, కొత్త గొంతుల మధ్య చాలామంది పిల్లలు ముందు వినడానికే సమయం తీసుకుంటారు, ఆ మౌనంలో వాళ్ళు నేర్చుకుంటూనే ఉంటారు అని. అందుకని మేము తొందరపెట్టలేదు. సెలవులు సగం గడిచాక మా నాన్న వెంట పాలకేంద్రానికి వెళ్ళి వచ్చి, "పాలు పోసింది" అన్నాడు. పోసినవాడు మగమనిషే అయినా మేమెవరమూ దిద్దలేదు, మా నాన్న "అవును, పాలు పోశాడు" అని మాత్రం అన్నారు.

తిరిగి వెళ్ళిన తరువాత ఆ ఊపు తగ్గకుండా ఉండటానికి మేము చేసిన మార్పు ఒకటుంది. వీడియో కాల్‌లో "బాగున్నావా, ఏం తిన్నావు, తాతకు హాయ్ చెప్పు" అన్న సంభాషణ పిల్లలకు ఏ రుచీ ఇవ్వదు. దానికి బదులు మా అమ్మ బీరకాయ చెక్కు తీస్తూనో, పూలు గుచ్చుతూనో మాట్లాడేది, మావాడు ఇక్కడ తన బొమ్మ గిన్నెలతో అదే పని చేసేవాడు. సెలవుల్లో కలిసి చేసిన పనే కనుక, ఆ మాటలు మళ్ళీ దొరికేవి. మీరు హైదరాబాదులో ఉన్నా మామయ్యగారి ఆవు గడ్డి తినే వేళకు కాల్ చేయవచ్చు.


ప్రశ్న అడిగినవారు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. వినికిడి పరీక్షకు వచ్చే వారానికి సమయం దొరికింది. ఈ చర్చ మా వారికి చూపించాను, ఆయన మామయ్యగారితో మాట్లాడారు, ఆవు పని ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. అయితే మరో రెండు మాటలు అడగాలి. "వాడికీ మూడేళ్ళదాకా మాటలు రాలేదు, పిల్లకూ అంతే" అని అత్తయ్య మా వారిని గురించి చెప్పి ధైర్యం ఇస్తున్నారు. పండక్కి రాగానే పాపకు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తామనీ, అప్పటికీ రాకపోతే నాలుక కింద తీగ కోయించాలనీ ఊళ్ళో పెద్దలు అంటున్నారట. వారిని నొప్పించకుండా ఏమని చెప్పాలి?


సమాధానం: స్పీచ్ థెరపిస్టు, విజయవాడ

తండ్రికి ఆలస్యంగా మాటలు వచ్చాయన్న సంగతి పరీక్ష చేసేవారికి తప్పక చెప్పండి, అది విలువైన సమాచారం. అయితే అది ఊరట కాదు. కుటుంబంలో ఇటువంటి ఆలస్యం ఉన్న పిల్లలను మరింత దగ్గరగా గమనించాలి. ఇలా ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తరువాత తోటివారిని అందుకుంటారు, కొందరికి ఇబ్బంది బడిదాకా కొనసాగుతుంది, ఎవరు ఏ కోవలోకి వస్తారో ఈ వయసులో చూడగానే చెప్పలేం. సహాయం ముందుగా మొదలుపెడితే నష్టం ఏమీ లేదు.

గలగలా మాట్లాడేవారిని వస పోసిన పిట్ట అనడం మన వాడుక, పెద్దల నమ్మకం ఎంత పాతదో దాన్నిబట్టే తెలుస్తుంది. కానీ వస వల్ల మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. ఆ కొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, దాని హాని కారణంగా అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. చిన్నపిల్లలకు అది పెట్టవద్దు. "డాక్టరుగారు పరీక్షలు అయ్యేవరకు ఏ మందూ ఇవ్వవద్దన్నారు" అని మీ వారి నోటితో చెప్పించండి, కోడలు కాదన్నట్టు ఉండదు. మాటకోసం ఏదో ఒకటి చేయాలన్న పెద్దావిడ తపన మాత్రం ఎంతో మంచిది. టీచరుగారు చెప్పిన పాట, సున్నుండ ముక్కలు ఆవిడ చేతికే ఇవ్వండి.

నాలుక తీగ గట్టిగా ఉన్న కొందరు పిల్లలకు కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు, అంతేగాని దానివల్ల మాటలే రాకుండా పోవు. మీ పాప మాటలు తక్కువగా ఉండటానికి అది కారణం కాదు కనుక, ఎవరో అన్నారని కోయించవద్దు. మూడేళ్ళలోపు పిల్ల రైలును లైలు అన్నా కంగారు పడనక్కరలేదు, "ర" చాలామందికి ఆలస్యంగానే వస్తుంది.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఇప్పుడు ఉన్న మాటల్లో ఏవైనా పోయినా, పిలిస్తే చూడటం, వేలితో చూపించడం తగ్గినా, సెలవులు పూర్తయ్యేదాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ఊళ్ళో ఉన్నప్పుడే అవసరమైతే, పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించే జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, అక్కడి అంగన్‌వాడీ కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. వినికిడి పరీక్ష ఫలితం వచ్చాక దానిలో ఏమి రాశారో ఇక్కడ పెట్టండి, పండుగలోపు ఏమైనా మార్చుకోవలసి ఉంటే చెబుతాను.